మూడడుగుల పైపు

ఆ కాలనీలో ఆయన అసలు పేరు తెలిసినవాళ్లు ఇద్దరే. ఒకరు ఆయన భార్య, రెండోవాడు కరెంటు బిల్లు తెచ్చే మనిషి. మిగతా అందరికీ ఆయన ఫ్యూజు మామయ్య. కరెంటు పోగానే కిటికీలోంచి తల బయటపెట్టి "మామయ్యా, అందరికీ పోయిందా, మాకొక్కళ్లకేనా?" అని కేకేయడం ఆ వీధుల్లో పాతికేళ్లు నడిచిన అలవాటు. ఆయన బనియన్ మీదే స్క్రూడ్రైవర్ పట్టుకుని బయల్దేరేవాడు. వెనకనుంచి భార్య, "ఊరందరి బల్బులూ వెలిగిస్తారు. మన వంటింటి బల్బు మాత్రం మీకోసం నెలరోజులుగా ఎదురుచూస్తోంది" అని అంటించేది. ఆ బల్బు నిజంగానే నెలరోజులుగా వెలగడం లేదు.

నాలుగు వరసల్లో నలభై రెండు ఇళ్లు. కట్టిన కొత్తలో అన్నీ ఒకే అచ్చులో పోసినట్టుండేవి. ముందు చిన్న గేటు, పక్కన ఒక బండి పట్టేంత సందు, రెండు గదులు, వంటిల్లు, వెనక స్నానాలగది. ముప్ఫై ఒక్కేళ్ల క్రితం ఒక బిల్డరు వాటిని కట్టినప్పుడు, వైరింగ్ మొత్తం మామయ్య ఒక్కడి చేతుల మీద నడిచింది. ఏ గోడలో తీగ ఎక్కడ వంపు తిరిగిందో కళ్లు మూసుకుని చెప్పగలడు. పని అయ్యాక ఎవరూ కొనని మూల ఇల్లు, నలభై రెండోది, ఆయనకి దక్కింది. అందులోనే కాపురం, అందులోనే కూతురు పెరిగింది.

ఐదేళ్ల క్రితం ఆయన కుడిచెయ్యి వణకడం మొదలుపెట్టింది. మొదట టీ గ్లాసులో తెలిసింది, తర్వాత స్క్రూ తల మీద తెలిసింది. ఎంత గురిపెట్టినా స్క్రూడ్రైవర్ గాడిలో కూర్చునేది కాదు. డాక్టరు నరాల జబ్బు అన్నాడు, మాత్రలు తగ్గిస్తాయి కానీ పోగొట్టవన్నాడు. మామయ్య ఎవరూ చెప్పకుండానే సామానుపెట్టెను మంచం కిందికి తోసేశాడు. "చెయ్యి వణికే ఎలక్ట్రీషియన్‌కీ కళ్లు మూసుకుని నడిపే డ్రైవరుకీ తేడా లేదు" అనేవాడు. అప్పట్నుంచి ఉదయం పేపరు, మధ్యాహ్నం కునుకు, సాయంత్రం గేటు దగ్గర నిలబడటం. ఎవరింట్లో కరెంటు పోయినా బయటి కుర్రాళ్లని పిలిపించుకుంటున్నారు. వాళ్లు బైకు దిగుతుంటే మామయ్య గేటు దగ్గర్నుంచే, "ఆ ఇంట్లో మెయిను తలుపు వెనకుంటుంది బాబూ" అని చెప్పేవాడు. వాళ్లు తల ఊపి వెళ్లిపోయేవాళ్లు.

కూతురు నర్సు. ఆస్పత్రిలో కాదు, ఇళ్లకి వెళ్లి చూసే నర్సు. మంచాన పడ్డవాళ్లకి కట్లు మార్చడం, సూదులు వెయ్యడం, గొట్టాలు శుభ్రం చెయ్యడం ఆమె పని. ముప్ఫై నాలుగేళ్లు వచ్చినా పెళ్లి మాట ఎత్తితే, "నా దగ్గర పదకొండుమంది ముసలాళ్లున్నారు, ఇంకొకడెందుకు" అని నవ్వేసేది. పన్నెండేళ్లు స్కూటరు మీద తిరిగింది. ఆమె పనిచేసే సంస్థ ఈ మధ్యే నర్సులకి ఎలక్ట్రిక్ కార్లు ఇవ్వడం మొదలుపెట్టింది. కారు నర్సు ఇంట్లోనే ఉండాలి, అక్కడే చార్జ్ అవ్వాలి. ఇల్లు దానికి పనికొస్తుందో లేదో ముందు చూసి వెళ్తారు. చూడబోయే విషయాలు కాగితం మీద రాసి పంపారు.

కూతురు ఆ కాగితం తెచ్చి తండ్రి చేతిలో పెట్టిన సాయంత్రం, మామయ్య కళ్లజోడు తుడుచుకుని మూడుసార్లు చదివాడు. తర్వాత మంచం కింద దూరి సామానుపెట్టె బయటికి లాగాడు.

"బయటివాళ్లని పిలుద్దాం నాన్నా, వాళ్లే చేస్తారు" అంది కూతురు.

"చార్జరు బిగించేది వాళ్లే బిగిస్తారు. ఇల్లు సిద్ధం చేసేది మాత్రం నేనే. నా ఇంట్లో ఇంకోడు గోడ కొడతాడా?"

ఆ వారమంతా ఆయన నడుముకి పదేళ్లు తగ్గాయి. సందులోని తుప్పు పట్టిన నీళ్ల డ్రమ్మునీ, విరిగిన కుర్చీలనీ, పాత తలుపునీ బయటికి చేరవేయించాడు. కారు ఆగే చోట కొలిచి సుద్దముక్కతో నేలమీద గీత గీశాడు. గోడమీద ఛాతీ ఎత్తులో చార్జరు పెట్టె కూర్చునే చోటు గీసి, వాన జల్లు పడుతుందా లేదా అని బక్కెట్టుతో నీళ్లు చల్లి చూశాడు. మీటరు నుంచి అక్కడికి వేలి మందం కొత్త కేబుల్ లాగాడు. మెయిను బోర్డు మార్చేటప్పుడు భార్య స్టూలు పట్టుకుని నిలబడి, ఆయన చెయ్యి వణికినప్పుడల్లా మణికట్టు కింద తన అరచెయ్యి ఆనించింది. అలా ఇద్దరి చేతులతో ఒక్కో స్క్రూ బిగిసింది. "పెళ్లయిన కొత్తలో కూడా నా చెయ్యి ఇంతసేపు పట్టుకోలేదు" అందామె. ఆయన నోట్లో స్క్రూలు పెట్టుకునే నవ్వాడు.

కాగితంలో ఆరు అంశాలున్నాయి. ఒక్కొక్కటీ అయ్యాక పెన్సిలుతో టిక్కు పెట్టేవాడు. ఒకటి, రెండు, మూడు, ఐదు, ఆరు. భార్య కాగితం తిప్పి చూసి అడిగింది.

"నాలుగోది వదిలేశారేం?"

"అది వాళ్లు చూసుకుంటారు."

"అంటే ఏంటది?"

"ఎర్తింగులే" అని ఆయన బయటికి వెళ్లిపోయాడు.

సర్వేకి వచ్చింది ఒక అమ్మాయి. వీపున సంచి, కాళ్లకి బరువైన బూట్లు. మెయిను బోర్డు తెరిచి చూసి ఆగిపోయింది.

"ఇంత శుభ్రంగా వైర్లు కట్టిన బోర్డు నేనీ మధ్య చూళ్లేదు. ఎవరు చేశారంకుల్?"

"నేనేనమ్మా. మా ఆవిడ కూడా."

ఆ అమ్మాయి నవ్వి, సందు వెనక్కి వెళ్లి సంచిలోంచి ఒక చిన్న యంత్రం తీసింది. ఇంటి ఎర్తు తీగని దానికి కలిపింది. తర్వాత నేలలో దూరదూరంగా రెండు ఇనప చువ్వలు దిగ్గొట్టి వాటి వైర్లు కలిపింది. మీట నొక్కింది. అంకె చూసి, చువ్వలు ఇంకాస్త లోపలికి కొట్టి, నీళ్లు పోసి, మళ్లీ నొక్కింది. మామయ్య గోడకి ఆనుకుని నిలబడ్డాడు.

"నూట తొంభై చూపిస్తోంది" అందామె. "ఐదుకి లోపల ఉండాలి."

"యంత్రం పాడైందేమోనమ్మా" అంది మామయ్య భార్య.

"కాదాంటీ, పొద్దున్నే ఇంకో ఇంట్లో చూశాను, బానే ఉంది. ఇంత ఉందంటే మీ ఇంటికి ఎర్తింగ్ లేనట్టే లెక్క. తీగ దారితప్పి ఏ ఫ్రిజ్జు ఒంటికో తగిలితే, ఆ కరెంటు నేలలోకి పోవాలి. దానికి దారి లేకపోతే ముట్టుకున్న మనిషిలోంచి పోతుంది. ఏ మహానుభావుడు పెట్టాడో కానీ..." ఆమె వైర్లు చుట్టుకుంటూ మామూలుగా అడిగింది. "ఇన్నేళ్లలో ఎవరికీ ఏం కాలేదు కదా?"

మామయ్య చువ్వలు దిగిన చోట మట్టిని కాలితో పూడ్చాడు. ఆ ప్రశ్న ఆ అమ్మాయి వెళ్లిపోయాక కూడా సందులోనే ఉండిపోయింది.

పాత ఎర్తు గుంత తవ్వి, అందులోని పైపు తీసి, కొత్తది పెట్టాలని ఆమె కాగితం మీద రాసి వెళ్లింది. మర్నాడు తవ్వేవాడు వచ్చాడు. కూతురికి సెలవు. టీ గ్లాసు పట్టుకుని మెట్టుమీద కూర్చుని చూస్తోంది. గునపం నాలుగుసార్లు పడిందో లేదో, తవ్వేవాడు పైపుని చేత్తో పట్టుకుని ఊపాడు. అది కదిలిన పన్నులా ఊడి బయటికొచ్చేసింది. వాడు దాన్ని పైకెత్తి అటూ ఇటూ చూశాడు.

"ఇంతేనా? విరిగిందా ఏంటి?"

విరగలేదు. కింది కొన నున్నగా, హాక్సా రంపంతో కోసినట్టు తిన్నగా ఉంది. మొత్తం పొడవు మూడడుగులు. చుట్టూ వెయ్యాల్సిన బొగ్గూ ఉప్పూ కూడా లేవు, పైన గుప్పెడు బొగ్గుపొడి ఉందంతే. కూతురు పైపు వంక చూసింది, తర్వాత తండ్రి మొహం వంక చూసింది. పదకొండుమంది రోగుల మొహాలు రోజూ చదివే మనిషి ఆమె. గ్లాసు కింద పెట్టేసింది.

"నాన్నా, ఇది నీకు తెలుసా?"

తవ్వేవాణ్ణి పంపించేసి, సందులో ఆ మట్టికుప్ప పక్కనే కూర్చుని ఆయన చెప్పాడు.

ఇళ్లు కట్టేటప్పుడు ఒక్కో ఇంటికి పదడుగుల పైపు దిగాలి. బిల్డరు వచ్చి, ఒక్కో పైపుని మూడు ముక్కలు చెయ్యమన్నాడు. నేల కింద ఎవడు చూస్తాడు, పైకి కనిపించేది మూత ఒక్కటే కదా అన్నాడు. మామయ్య మొదటిరోజు వాదించాడు. ఇష్టం లేకపోతే మానెయ్యి, నీలాంటివాళ్లు గేటు బయట వరసలో ఉన్నారని జవాబొచ్చింది. రెండోరోజు కోశాడు. మూడోరోజు నుంచి చెప్పించుకోకుండానే కోశాడు. పద్నాలుగు పైపులు, నలభై రెండు ఇళ్లు. తన ఇంటిదీ ఆ లెక్కలోదే. తర్వాత తీరికగా ఒక్కొక్కటీ తవ్వి మార్చేద్దామనుకున్నాడు, ముందు తనదైనా మార్చుకుందామనుకున్నాడు. తనది ఒక్కటీ తవ్వితే, ఎందుకు తవ్వుతున్నావని పక్కింటివాళ్లు అడుగుతారు. అందుకని అదీ తవ్వలేదు. బిల్డరు ఎప్పుడో చచ్చిపోయాడు.

కూతురు పైపు చేతిలోకి తీసుకుని, కోసిన కొన మీద వేలు రాసింది. ఆమె ఏం అడగబోతుందో ఆయనకి తెలుసు. తెలిసినా అడిగేదాకా ఆగాడు.

"పెద్దమ్మ వాళ్లింట్లో కూడా ఇదేనా?"

పెద్దమ్మ అంటే రక్తసంబంధం ఏమీ లేదు. పదిహేడో నంబరు ఇంటి పోస్టుమాస్టారి భార్య. పిల్లల్లేరు. మామయ్య కూతురికి సైకిలు నేర్పింది ఆవిడే. సీటు వెనక పట్టుకుని, "పట్టుకున్నానే, పట్టుకున్నానే" అంటూ వదిలేసి వీధంతా పరిగెత్తింది. ఈ పిల్లకి పన్నెండేళ్లప్పుడు, ఒక ఉదయం తలస్నానానికి వెళ్లి గీజరు కుళాయి తిప్పిన ఆవిడ మళ్లీ తలుపు తీయలేదు.

ఆ రోజు జనం మామయ్యనే పిలిచారు. ఆయన టెస్టరు పట్టుకుని లోపలికి వెళ్లి, గీజరు విప్పి, బయటికొచ్చి అందరి ముందూ చెప్పాడు. "గీజరు కాయిలు కాలిపోయింది. కంపెనీ లోపం. వైరింగ్‌లో తప్పేం లేదు." కాయిలు కాలిన మాట నిజం. వైరింగ్‌లో తప్పు లేదన్నప్పుడు మాత్రం ఆయన కళ్లు స్నానాలగది వెనక గోడ దగ్గరున్న ఎర్తు గుంత మూత మీద ఉన్నాయి.

"సరిగ్గా ఉండుంటే బతికేదా?" అంది కూతురు.

"బతికేది. ఫ్యూజు పోయుండేది. 'మామయ్యా, మాకొక్కళ్లకే పోయిందా' అని ఆవిడే అరిచుండేది."

ఆమె లేచి లోపలికి వెళ్లింది. వంటింట్లోంచి భార్య ఏడుపు వినిపించింది. కూతురు ఏడుపు వినిపించలేదు. కాసేపటికి మళ్లీ వచ్చి గుమ్మంలో నిలబడి, రోగి ఇంటివాళ్లకి జాగ్రత్తలు చెప్పే గొంతుతో చెప్పింది.

"మాస్టారికి నువ్వే చెప్పాలి. తర్వాత మిగతా ఇళ్లవాళ్లకి. ఇంకా ఎన్ని ఇళ్లలో ఆ ముక్కలున్నాయో లెక్క రాయి."

పోస్టుమాస్టారికి డెబ్భై ఆరేళ్లు. మనిషి సన్నం, మాట ఇంకా సన్నం. మర్నాడు ఉదయం మామయ్య వెళ్లేసరికి పొయ్యి మీద గిన్నెలో నీళ్లు కాగుతున్నాయి. ఇరవై రెండేళ్లుగా ఆ ఇంట్లో స్నానానికి నీళ్లు పొయ్యి మీదే కాగుతాయి.

"రావయ్యా. చెయ్యెలా ఉంది? కూర్చో, టీ పెడతాను."

"టీ వద్దు మాస్టారూ. మీతో ఒక మాట చెప్పాలి."

చెప్పాడు. ఎక్కడ మొదలుపెట్టాలో తెలీక పైపుతోనే మొదలుపెట్టాడు. చెప్తున్నంతసేపూ మాస్టారు గిన్నె వంకే చూశాడు. నీళ్లు తెర్లి పొంగుతుంటే లేచి మంట తగ్గించి మళ్లీ కూర్చున్నాడు.

"అయిపోయిందా?"

"అయిపోయింది."

"ఇప్పుడు నేను చెప్తా, విను." మాస్టారు గొంతు పెంచలేదు. "అంతకు మూడురోజుల ముందు నుంచీ చెప్తూనే ఉంది, కుళాయి ముట్టుకుంటే చెయ్యి చిమచిమలాడుతోందండీ అని. నీదంతా భ్రమ అన్నాను. రెండోరోజు, పోనీ ఫ్యూజు మామయ్యని పిలిపించమంది. ఇంత చిన్నదానికి ఆయన్నెందుకు లాగడం, ఆదివారం చూద్దాంలే అన్నాను. ఆవిడ పోయింది శుక్రవారం."

మామయ్యకి ఈ సంగతి తెలీదు. ఎవరికీ తెలీదు.

"ఇరవై రెండేళ్లు నేనే చంపాననుకుని బతికానయ్యా. పొద్దున్న లేచి ఆ మాటే అనుకుంటాను, రాత్రి పడుకునేటప్పుడు ఆ మాటే. నాకు ఇంట్లో ఇంకో మనిషి తోడులేదు, అదే నాకు తోడు. ఇప్పుడొచ్చి నువ్వు చంపానంటావా?"

"నా తప్పు కూడా ఉంది మాస్టారూ, అది మీకు తెలియాలని..."

"తెలిసి ఏం చేసుకోను? నీ బరువు దించుకుందామని వచ్చావు. దించావు. పద." ఆయన తలుపు దాకా వచ్చి తలుపు మీద చెయ్యి వేసి ఆగాడు. "నువ్వు ఆ రోజు గీజరుదే తప్పని చెబితే, పోనీలే, వైరింగ్ చేసినవాడైనా మంచివాడనుకున్నాను. ఈ వీధిలో నేను మర్యాదగా మాట్లాడిన మనిషివి నువ్వొక్కడివే."

మామయ్య గుమ్మం దిగుతూ, "ఈ ఇంటి గుంత తవ్వి కొత్త పైపు వేయిస్తాను, ఒక్కరోజు పని" అన్నాడు. తలుపు మూసుకుంది.

తర్వాత మిగతా ఇళ్లు. నలభై రెండింట్లో కొన్ని కూలగొట్టి మేడలు కట్టుకున్నారు, కొందరు వైరింగ్ మార్చుకున్నారు. పాత గుంతలతో ఉన్నవి పంతొమ్మిది మిగిలాయి. కూతురు డ్యూటీ అయ్యాక తండ్రి వెంట నడిచింది. గేట్ల దగ్గర ఆయన తల దించుకుని చెప్తుంటే, ఆమె పక్కన నిలబడి మిగతాది వివరించింది.

ముగ్గురు విని, మర్నాడే తవ్వించుకున్నారు. మిగతావాళ్లు తలో రకం. ముప్ఫై ఏళ్లు ఏం కాలేదు, ఇప్పుడేం అవుతుందన్నాడొకాయన. ఇల్లు అమ్మకానికి పెట్టాం, ఈ మాట బయట అనకండి మామయ్యా అని ఒకావిడ చేతులు పట్టుకుంది. మీరు పోలీసు స్టేషన్‌లో చెప్పాల్సిన మాట మా గేటు దగ్గర చెప్తున్నారేంటని ఇంకొకాయన కోప్పడ్డాడు. ఆ కోపం న్యాయమైనదే, కానీ గుంత మాత్రం ఆయనా తవ్వించలేదు. చివరి వరసలో ఒకడు ఏకంగా నవ్వేశాడు. "చెయ్యి పనిచెయ్యట్లేదు, గిరాకీ లేదు, అందుకని కొత్త బేరం కనిపెట్టారా?"

మామయ్య స్టేషన్‌కి కూడా వెళ్లాడు. అక్కడున్నాయన అంతా విని, చచ్చిపోయిన బిల్డరు మీదా పాతికేళ్లనాటి గీజరు మీదా ఏం రాయమంటావు పెద్దాయనా, ఇంటికెళ్లి మాత్రలు వేసుకో అన్నాడు. కరెంటు ఆఫీసులో ఒక ఫిర్యాదు నంబరిచ్చారు. ఆ నంబరు జేబులో పెట్టుకుని రోజూ ఫోను చేసేవాడు. రోజూ అవతలివాళ్లు నంబరు చెప్పమనేవాళ్లు.

ఇంట్లో కొత్త పైపు దిగింది, పదడుగులూ దిగింది. మామయ్యని దగ్గరికి రానివ్వలేదు, సంస్థ పంపిన మనుషులే దించారు. గోడమీద సుద్దగీత మధ్యలో చార్జరు బిగించారు. సర్వే అమ్మాయి మళ్లీ వచ్చి యంత్రం పెట్టి చూసి, "మూడు పాయింట్ రెండు, బ్రహ్మాండం అంకుల్" అంది. ఆమెకి ఎవరూ ఏమీ చెప్పలేదు. తెల్లకారు వచ్చి సందులో ఆగింది. కూతురు రోజూ ఆరింటికి కారు తీసి వెళ్తుంది, సాయంత్రం తెచ్చి తగిలిస్తుంది. మాత్రలు వేసుకున్నావా, అన్నం తిన్నావా అని అడుగుతుంది. అంతకుమించి మాట్లాడదు. ఒకసారి భార్య ఉండబట్టలేక, "ఎంతకాలమే ఇలా, మీ నాన్నే కదా" అంటే, "నేను ఆయన్ని ఏమన్నా అన్నానా అమ్మా?" అంది. నిజమే, ఏమీ అనలేదు.

వానాకాలం మొదలయ్యే ముందు, గుంత తవ్వించని ఇరవై ఆరో నంబరు ఇంట్లోకి కొత్తగా అద్దెకి ఒక జంట దిగింది. వాళ్లకీ ఎలక్ట్రిక్ కారుంది. గోడకి బిగించే చార్జరు లేదు. వంటింటి ప్లగ్గులోంచి ఒక వైరు తీసి, కిటికీలోంచి బయటికి లాగి, నేలమీదుగా కారుకి తగిలించారు. కారుతో వచ్చిన చార్జరు ఎర్తు లేదని ఎర్రలైటు చూపించి పనిచెయ్యనంది. ఎవరో మెకానిక్ వచ్చి, ప్లగ్గు లోపల న్యూట్రల్ తీగని ఎర్తు పిన్నుకి కలిపేసి పోయాడు. అది చార్జరుని మోసం చేసే చిట్కా. పచ్చలైటు వెలిగింది. ఇక ఆ న్యూట్రల్ తీగ దారిలో ఎక్కడ తెగినా, కారు ఒళ్లంతా కరెంటే.

మామయ్య ఆ వైరు చూసి గేటు తోసుకుని వెళ్లాడు. ఆ భర్త మర్యాదగానే విన్నాడు. "ఇంటి ఓనరుగారు మీ గురించి ముందే చెప్పారండీ" అన్నాడు. భార్య లోపలినుంచి వచ్చి, "పెద్దవారు, ఏమీ అనుకోకండి. కడుపుతో ఉన్నాను, నన్నిలా భయపెట్టకండి" అంది. ఆయన ఓనరుకి ఫోను చేశాడు, ఎత్తలేదు. కరెంటు ఆఫీసుకి చేశాడు, ఇంకో నంబరిచ్చారు. కూతురు కూడా వెళ్లి చెప్పి చూసింది. మీ నాన్నగారికి వయసైపోయిందమ్మా, మీరే చూసుకోవాలి అని ఆమెకే బుద్ధి చెప్పి పంపారు. ఆమె ఇంటికొచ్చి చేతిలో సంచి బల్లమీదికి విసిరింది. ఎవరి మీది కోపమో ఆమెకే తెలియాలి.

ఆ మర్నాటి నుంచి మామయ్య సాయంత్రం ఐదింటికి ఒక ప్లాస్టిక్ కుర్చీ చంకనేసుకుని వెళ్లి, ఇరవై ఆరో ఇంటికి ఎదురుగా రోడ్డు పక్కన వేసుకుని కూర్చోవడం మొదలుపెట్టాడు. ఒళ్లో రెండు మూరల పొడుగు ఎండుకర్ర. కరెంటు పట్టేసిన మనిషిని చేత్తో లాగకూడదు, ఎండుకర్రతో తోసెయ్యాలి. పని నేర్చుకున్న మొదటిరోజు ఆయనకి నేర్పిన పాఠం అదే. చెయ్యి వణికినా తోయడానికి గురి అక్కర్లేదు.

వీధి జనానికి కొన్నాళ్లు అది వేడుకయింది. కర్ర చూసి, కుక్కల్ని తోలడానికా మామయ్యా అని అడిగారు. తర్వాత అడగడం మానేశారు. అద్దెకున్నాయన రెండుసార్లు వచ్చి లేచి వెళ్లమన్నాడు. రోడ్డు అందరిదీ బాబూ అన్నాడు మామయ్య. మూడోసారి ఆయన రాలేదు, కిటికీ తెర మూసుకున్నాడు. పోస్టుమాస్టారు రోజూ ఆ దారినే నడకకి వెళ్తాడు. కుర్చీ దగ్గరికి వచ్చేసరికి రోడ్డుకి అవతలి పక్కకి మారి, దాటాక మళ్లీ ఇవతలికి వస్తాడు. మామయ్య ఆయన కనబడగానే లేచి నిలబడతాడు, కనుమరుగయ్యాక కూర్చుంటాడు. మాస్టారు గుంత తవ్వించలేదు. అయితే అవనీ, నాకేమన్నా అయితే మంచిదే అన్నాడట ఎవరితోనో.

ఒక సాయంత్రం చినుకులు మొదలయ్యాయి. మామయ్య కర్ర తడవకుండా చొక్కా లోపల దోపుకుని, గొడుగు వేసుకుని కూర్చున్నాడు. నేలమీద వైరు చుట్టూ నీళ్లు చేరుతున్నాయి. ఆయన కళ్లు ఆ నీళ్లమీదే ఉన్నాయి. డ్యూటీ మీద ఆ దారిన వెళ్తున్న కూతురు కారు చప్పుడు లేకుండా పక్కకి వచ్చి ఆగింది. అద్దం దించింది.

"ఎంతసేపు కూర్చుంటావు నాన్నా?"

"వాళ్లు తీసేదాకా."

"రేపు?"

"రేపూ పెడతారుగా."

ఆమె ఇంకేదో అనబోయింది. వెనక సీటులో మందుల సంచి, ఇంకా ఒక రోగిని చూసి రావాలి. తర్వాత అద్దం ఎక్కించుకుని కారు తిప్పుకుని వెళ్లిపోయింది. ఎదురింట్లో గర్భిణి తెర కొంచెం పక్కకి తీసి చూసి, మళ్లీ మూసేసింది. వాన పెద్దదయింది. మామయ్య కుర్చీని ఇంకో అడుగు ముందుకి జరుపుకున్నాడు.